ఒకటిన్నర

నవంబరు ఇరవై ఆరున కొండ వెనక్కి దిగిన సూర్యుడు
జనవరి ఇరవై రెండు దాకా స్కార్వ్‌నెస్ మొహం చూడడు.
ఈ యాభై ఏడు రోజులూ
హాల్వర్ వంటగదిలో కూచుని విమానం నడుపుతాడు.

బల్ల మీద ఎండుచేప తునకలు, చల్లారిన కాఫీ,
నల్ల టేపు చుట్టిన జాయ్‌స్టిక్.
ఇరవై రెండేళ్లు అంబులెన్సు విమానం తోలిన మనిషి.
కళ్ల డాక్టరు సంతకం పెట్టనన్న రోజు నుంచీ
పందొమ్మిది అంగుళాల ఆకాశం.

"మారెత్, ఇది మన ఊరు కాదు," అంటాడు.
"పదిహేను వందల అడుగుల నుంచి
మన ఊరు ఇట్లా ఉండదు.
దీపాలా ఇవి?
అమ్ముడుపోని చేపల కళ్లు."

పగలు నేను రేవులో ఫెర్రీ టికెట్లు కొడతాను.
రాత్రిళ్లు (ఇప్పుడంతా రాత్రే అనుకోండి)
ఆయన కంప్యూటరు పొట్ట విప్పి చూస్తాను.
వందల ఫైళ్ల అడుగున ఒక ఫైలు,
అందులో ఒక వరుస:
నేల దీపాల కాంతి, సున్నా పాయింటు ఎనిమిది.
ఊరి వెలుగంతా
ఆ ఎనిమిది వీపు మీద కూచుని ఉంది,
చిటికెన వేలితో తుడిచెయ్యొచ్చు.

ఒకటి చేశాను. తల అడ్డంగా ఊపాడు.
ఒకటిన్నర.
ఫియర్డ్ నీళ్లలో దీపాల నీడలు
తడిసిన దారాల్లా సాగాయి.
"ఇంకా," అన్నాడు.
ఒళ్లు మండి మూడు చేశాను.

ఊరు తిరనాళ్లయి కూచుంది!
చర్చీ, బడీ, పెట్రోలు బంకూ
ఒకటే తెల్లటి ముద్ద.
ఆ ముద్దలో రన్‌వే ఎక్కడుందో వెతుక్కుంటూ
హాల్వర్ కొండని గుద్దేశాడు.
తెర నల్లబడింది. ఆయన నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు,
ఆయన చెయ్యి జాయ్‌స్టిక్‌ని
ఇంకా వెనక్కి లాగుతూనే ఉంది.

"ట్యూబ్‌లైటు ఆర్పు," అన్నాడు కాసేపటికి.
ఆర్పాను.
"ఫ్రిజ్ మీద ఆ ఆకుపచ్చ చుక్క."
దాని మీద గుడ్డ కప్పాను.
"ఇప్పుడు పది నిమిషాలు ఏం చెయ్యకు.
కళ్లకి చీకటి తాగించాలి."

ఆ పది నిమిషాల్లో చెప్పాడు.
స్ట్రెచర్ మీద నెలలు నిండని కాన్పు.
ట్రొమ్సో దారి తుఫాను మూసేస్తే వెనక్కి తిప్పాడట.
కింద రన్‌వే దీపాలు సగానికి సగం పోయాయి.
ఐస్ ఫ్యాక్టరీ కప్పు మీద మాత్రం
కొనఊపిరితో ఒక ట్యూబు,
మూడుసార్లు కొట్టుకుని ఆగేది,
మళ్లీ కొట్టుకునేది.
"దానికి ఎడమగా వస్తే రన్‌వే.
మిగతావి నీ ఇష్టం. నాకు అదొక్కటి పెట్టు."

ఐస్ ఫ్యాక్టరీ మూతబడి ఆరేళ్లయింది.
కిటికీ అవతల అసలు స్కార్వ్‌నెస్‌లో
పదకొండు దాటితే ఖర్చు తగ్గించాలని
పురపాలక సంఘం దీపం విడిచి దీపం ఆర్పేస్తోంది.

రెండు రాత్రులు పట్టింది నాకు.
మూడుసార్లు కొట్టుకో అంటే
యంత్రం సిపాయిలా కొట్టుకుంటుంది,
ఆగమంటే అటెన్షన్‌లో ఆగుతుంది.
దానికి అలసిపోవడం నేర్పాలి.
ఒకసారి తడబడమని, ఒకసారి
రెండు దగ్గరే మర్చిపోమని
పదకొండు వరుసలు రాశాను.

మూడో రాత్రి,
అంకె ఒకటిన్నర దగ్గర, గది మొత్తం చీకటి.
దూరంగా అది కొట్టుకుంది.
హాల్వర్ కళ్లద్దాల మీద కొట్టుకుంది.
ఆయన ఏమీ అనలేదు,
కుర్చీలో కొంచెం ఎడమకి ఒరిగాడు.

చక్రాలు ఆనాయి.
అవతల ఎవరూ లేని మైకు దగ్గరికి లాక్కుని
"స్కార్వ్‌నెస్, దిగాం," అన్నాడు,
"బయల్దేరినప్పుడు ముగ్గురం.
ఇప్పుడు నలుగురం."

ఫైలు సేవ్ చేశాను.
లైటు వెయ్యడానికి
ఇద్దరికీ చెయ్యి రాలేదు.